పసుపు గీతను కాగితం మీద పెట్టినవాళ్లు

1868 ఆగస్టు 18, మంగళవారం. ఆ ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పడమటి తీరాన నేల మీదికి వచ్చి, బిజాపూర్, వనపర్తి, గుంటూరు దాటి, బందరు (మచిలీపట్నం) దగ్గర మళ్లీ సముద్రంలోకి దిగింది. అంతకు నాలుగేళ్ల కిందట, 1864 నవంబరు 1న, ఉప్పెన ఆ ఊరిని ముంచేసింది. సుమారు 30 వేల మంది పోయారు. ఆ దెబ్బ తిన్న ఊళ్లో దూరదర్శినులు దించి గ్రహణం కోసం విడిది చేసినవాడు నార్మన్ రాబర్ట్ పాగ్సన్. మద్రాసు వేధశాలకు అధిపతి, ప్రభుత్వ ఖగోళజ్ఞుడు.

చీకటి ఐదు నిమిషాలు దాటి నిలిచింది. చంద్రుడు కప్పేసిన సూర్యబింబం అంచున ఎర్రటి జ్వాలలు కనిపించాయి. ఆ వెలుగును పట్టకం గుండా చూస్తే రంగులన్నీ కలిసిన పట్టీ కాకుండా విడివిడిగా మెరిసే గీతలు వచ్చాయి. వాటిలో ఒకటి పసుపు. ఆ గీత ఏ పదార్థానిదో అప్పటికి ఎవరికీ తెలియదు. 27 ఏళ్ల తర్వాత, 1895లో, ఆ పదార్థం మనిషి చేతికి చిక్కింది. అది హీలియం.

పాగ్సన్ తాను చూసింది రాసిపెట్టాడు. మచిలీపట్నం, వనపర్తి, మద్రాసు, దక్షిణాదిలోని ఇతర కేంద్రాల నుంచి గ్రహణాన్ని చూసిన వివరాలతో ప్రభుత్వ ఖగోళజ్ఞుడి నివేదికగా అది మద్రాసులో అచ్చయింది. ఆ నివేదిక పేరులోనే మూడు ఊళ్లను పెట్టడం నాకు నచ్చుతుంది. వనపర్తికి వెళ్లిన బృందాన్ని నడిపినవాడు చింతామణి రఘునాథాచారి. పాగ్సన్ దగ్గర సహాయకుడు. అంతకు ముందు ఏడాదే, 1867లో, వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక కొత్త నక్షత్రాన్ని కనిపెట్టాడు. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఎన్నికైన మొదటి భారతీయుడు కూడా అతడే. అలాంటివాడు పనిచేసిన చోటును నివేదిక పేరులోనే చెప్పడం మంచి పనివాడి పద్ధతి.

అయితే ఆ నివేదిక ఏ జర్నల్లోనూ వ్యాసంగా రాలేదు. ప్రభుత్వానికి ఇవ్వవలసిన కాగితంగా వెళ్లి, ప్రభుత్వ కాగితాల మధ్యే ఉండిపోయింది. హీలియం కథ చెప్పేటప్పుడు పాఠ్యపుస్తకాలు జాన్సెన్, లాకియర్ అనే రెండు పేర్లు చెబుతాయి. బందరు పేరు, పాగ్సన్ పేరు రావు. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థకు చెందిన ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడు బిమన్ నాథ్ హీలియం చరిత్ర మీద పుస్తకం రాసి ఆ నివేదికను మళ్లీ వెలుగులోకి తెచ్చేదాకా చాలామందికి అది ఉందనే తెలియదు.

అదే పాగ్సన్ చేతి మీదుగా వచ్చిన మరో కాగితం సంగతి చూడండి. 1856లో, ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో సహాయకుడిగా ఉన్న రోజుల్లో, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారి మంత్లీ నోటీసెస్ అనే జర్నల్‌కు ఒక చిన్న వ్యాసం పంపాడు. 36 చిన్న గ్రహాలు 1857లో నెలనెలా మొదటి తేదీన ఎంత ప్రకాశంగా కనిపిస్తాయో చెప్పే పట్టిక అది. పట్టిక తయారు చేయాలంటే నక్షత్రాల ప్రకాశ తరగతుల మధ్య నిష్పత్తి ఎంతో తేల్చుకోవాలి. అప్పటికి ఒక్కొక్కరు ఒక్కొక్క అంకె వాడుతున్నారు. పాగ్సన్ 2.512 తీసుకున్నాడు. కారణం కూడా దాచలేదు: ఆ అంకెతో లాగరిథం లెక్కలు సులువవుతాయి, అంతే. ఐదు తరగతుల తేడా అంటే సరిగ్గా నూరు రెట్ల వెలుగు. ఈ రోజుకీ ప్రపంచంలో ఏ వేధశాలలోనైనా నక్షత్రాల ప్రకాశం లెక్కగట్టేది పాగ్సన్ నిష్పత్తితోనే.

పట్టిక కోసం చేసుకున్న ఏర్పాటు నూటయాభై ఏళ్లు దాటి నిలిచింది. బందరులో కళ్లారా చూసిన కొత్త గీత మాత్రం మరుగున పడింది. మొదటిది జర్నల్లో ఉంది, రెండోది లేదు. మనిషి ఒక్కడే, నైపుణ్యం ఒక్కటే. పరిశోధన వ్యాసం రాయడం, దాన్ని జర్నల్‌కు పంపడం అనే పని ఎంత గొప్పదో నాకు ఈ రెండు కాగితాలు చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పలేదు. చాలామంది ఆ పనిని పరిశోధన అయిపోయాక మిగిలే గుమాస్తా పనిగా చూస్తారు. నేను ఒప్పుకోను. చూడనివాడు కూడా నమ్మగలిగేటంత కొలతతో చెప్పడం, వెతికేవాడికి దొరికే చోట పెట్టడం పరిశోధనలో భాగమే. అందులో ఉన్న పనితనాన్ని ఆ పసుపు గీత వెంటే వెళ్లి చూద్దాం.

ముందు మాటల ఎంపిక. సూర్యకాంతి పట్టీలోని నల్లటి గీతలకు 1814 ప్రాంతంలో ఫ్రాన్‌హోఫర్ అక్షరాల పేర్లు పెట్టాడు. ఎరుపులో ఉన్నది సి, పసుపులో ఉన్న జంట డి, నీలంలో ఉన్నది ఎఫ్. డి జంట సోడియానిదని, అంటే మన ఉప్పులో ఉండే లోహానిదని, 1860 నాటికి కిర్కాఫ్, బున్సెన్ తేల్చారు. కాబట్టి గ్రహణం నాడు పసుపు గీత కనిపించగానే ఎవరికైనా ముందు తట్టేది సోడియమే. గుంటూరులో ఉన్న మేజర్ టెనెంట్ గాని, మలయా ద్వీపకల్పంలో చూసిన ఫ్రెంచివాడు రాయే గాని దాన్ని డి గానే రాసుకున్నారు. హీలియం గీతకూ సోడియం జంటలో దానికి దగ్గరి గీతకూ మధ్య దూరం ఒకటిన్నర నానోమీటరు కూడా లేదు. కొద్ది నిమిషాల చీకట్లో, చేతికి అందిన పరికరంతో, దాన్ని విడదీసి చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

బందరులో పాగ్సన్ ఆ గీత డి వద్ద ఉందని, లేదా డి దగ్గర ఉందని రాశాడు. ఆ రెండో మాట విలువ గమనించండి. సోడియం అని రాసేస్తే వాక్యం నిండుగా ఉండేది, చదివేవాడికి తృప్తిగా ఉండేది, తప్పు కూడా అయ్యేది. కన్ను ఎంతవరకు తేల్చగలిగిందో అంతవరకే రాసి ఆపడం ఆ మనిషి నిజాయితీ. పరిశోధన వ్యాసంలో అన్నిటికన్నా కష్టమైన చోటు ఇదే. తెలిసినదాన్ని గట్టిగా చెప్పాలి, తెలియని అంచును అక్కడే గీసి చూపించాలి. ఆ అంచు చూపించినవాడి వాక్యం తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

ఇక లండన్‌లో నార్మన్ లాకియర్. యుద్ధ శాఖ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం, తీరిక వేళల్లో ఖగోళం. గ్రహణం లేకుండానే సూర్యుడి జ్వాలలను చూడవచ్చని అతడు ముందే అనుకున్నాడు గాని, తగిన పరికరం తయారై చేతికి రావడం ఆలస్యమైంది. వచ్చిన వెంటనే, 1868 అక్టోబరు 20న, జ్వాల గీతలు చూశాడు. అదే రోజు రాయల్ సొసైటీకి చిన్న ఉత్తరం రాశాడు. ఎన్ని సార్లు తలచుకున్నా ఆ ఉత్తరం మీద నా అభిమానం తగ్గదు. గీతలు మూడు అన్నాడు. ఒకటి సి తో పూర్తిగా కలుస్తోంది. రెండోది ఎఫ్ తో దాదాపు కలుస్తోంది. మూడోది డి దగ్గర ఉంది. పూర్తిగా, దాదాపు, దగ్గర: మూడు గీతలకు మూడు తూకాల నమ్మకం. ఒకే ముద్ర మూడింటికీ వేసేయలేదు.

అక్కడితో ఆగలేదు. మూడో గీత డి జంటకు ఏ వైపున ఉందో చెప్పాడు. ఎంత దూరమో కిర్కాఫ్ కొలబద్ద మీద చెప్పాడు: ఎనిమిది లేక తొమ్మిది డిగ్రీల దూరం. ఎనిమిదా తొమ్మిదా అన్నది తేల్చకుండా వదలడానికి కారణం కూడా రాశాడు. ఆ భాగానికి ఉన్న పటం సరిగ్గా లేదు, మళ్లీ గీయవలసి ఉంది, కనుక కచ్చితంగా చెప్పలేను అన్నాడు. ఇంత చిన్న ఉత్తరంలో ఫలితం ఉంది, కొలత ఉంది, కొలతకు వాడిన బద్ద పేరు ఉంది, లోపం ఎంతో ఉంది, లోపానికి కారణం ఉంది. ఇవాళ జర్నల్ రివ్యూయర్ ఒక పట్టికను చూసి అడిగే ప్రశ్నలన్నిటికీ ముందే జవాబు ఉంది. ఆ తర్వాత అతడు ఆ గీతకు డి3 అని పేరు పెట్టి, రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి ఎన్నో ప్రయోగాలు చేసి, హైడ్రోజన్‌ది కాదని రూఢి చేసుకున్నాక, కొత్త మూలకం కావచ్చన్న ఊహకు వచ్చాడు. హీలియం అన్న పేరు 1871 నాటికి శాస్త్రజ్ఞుల సభలో వినిపించింది.

మూడో మనిషి పియర్ జాన్సెన్. ఇతడు మన గుంటూరులోనే, ఒక ఫ్రెంచ్ వ్యాపారి ఇంట్లో ఉండి గ్రహణం చూశాడు. జ్వాలల గీతలు అంత కాంతిగా ఉండటం చూసి, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చునని ఆ క్షణంలోనే అనుకున్నాడు. మర్నాడు, ఆగస్టు 19న, పరికరాన్ని సూర్యుడి అంచుకు తిప్పి చూసి సాధించాడు. ముందు ఒక తంతి పంపాడు. గ్రహణం చూశామని, జ్వాలలు వాయువులని ఆ పొట్టి మాటల సారాంశం. వివరమైన ఉత్తరం మాత్రం వెంటనే రాయలేదు. రెండు వారాలకు పైగా రోజూ సూర్యుణ్ణి చూసి, తన పద్ధతి మళ్లీ మళ్లీ పనిచేస్తుందని నిర్ధారించుకున్నాడు. ఆ తర్వాత సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్ సైన్స్ అకాడమీ కార్యదర్శికి ఉత్తరం వేశాడు.

తంతికీ ఉత్తరానికీ మధ్య ఉన్న ఆ నెల రోజులను కొందరు ఆలస్యం అంటారు. పని తెలిసినవాడు అలా అనడు. ఒక్క రోజు చూసింది వార్త, పలుమార్లు చూసింది ఫలితం. జాన్సెన్ రెండింటినీ విడివిడిగా పంపాడు. ఉత్తరం ఓడెక్కి పారిస్ చేరింది. లాకియర్ కబురు ఖగోళజ్ఞుడు వారెన్ డి లా ర్యూ ద్వారా అదే అకాడమీకి చేరింది. రెండూ ఒకే రోజున, అక్టోబరు 26 నాటి సమావేశంలో, వెంట వెంటనే చదివారు. ఆ సభలో ఖగోళజ్ఞుడు ఫాయ్ ఈ కీర్తిని ముక్కలు చేసి పంచవద్దని, ఇద్దరికీ పూర్తిగా ఇవ్వమని వాదించాడు. 1872లో ఫ్రెంచ్ ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించింది. ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. జాన్సెన్ ఆ ఉత్తరంలో కొత్త మూలకం కనుక్కున్నానని అనలేదు. అతడు పంపింది ఒక చూసే పద్ధతి. దాని మీద ఉన్న గౌరవం అతడిదే. హీలియం గౌరవాన్ని కూడా అతడికి అంటగట్టడం తర్వాతి పుస్తకాల తొందరపాటు.

అకాడమీ వారపత్రిక కాంట్ రాండ్యూ 1835 నుంచి వస్తోంది. సభలో చదివినది కొద్ది రోజుల్లోనే అచ్చై ఐరోపా అంతటా చేరేది. జాన్సెన్ ఎంచుకున్న చోటు అది. కాకినాడ నుంచి పారిస్‌కు ఎంత దూరమో, బందరు నుంచీ సుమారు అంతే.

లాకియర్ ఇంకో మంచి పని చేశాడు. 1869 నవంబరు 4న నేచర్ అనే వారపత్రిక ప్రారంభించి, యాభై ఏళ్లు దాన్ని తానే నడిపాడు. ఆ పత్రికలోకి మన కృష్ణా డెల్టా మనిషి అడుగుపెట్టడానికి అరవై ఏళ్లు పట్టింది. సూరి భగవంతం 1909లో ఆగిరిపల్లిలో పుట్టాడు. గుడివాడలో చదువుకున్నాడు. తర్వాత హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి భౌతిక శాస్త్రజ్ఞుడు సి.వి. రామన్ దగ్గర చేరాడు. రామన్, భగవంతం కలిసి కాంతికణం స్పిన్ గురించి చేసిన ప్రయోగాన్ని 1931, 1932ల్లో నేచర్‌కు చిన్న ఉత్తరాలుగా పంపారు. అదే పనిని వివరంగా, పరికరాలతో, కొలతలతో, లెక్కలతో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో పూర్తి వ్యాసంగా వేశారు. తంతి, ఉత్తరం అన్న జాన్సెన్ పద్ధతే ఇది. ఒకే పనికి రెండు రూపాలు: ప్రపంచానికి కబురు ఒకటి, మళ్లీ చేసి చూడదలచినవాడికి పాఠం ఒకటి.

ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌ను రామనే 1926లో మొదలుపెట్టాడు. 1928 మార్చి 16న బెంగళూరులో తన కొత్త ఫలితం మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఆ నెల చివరికి అది జర్నల్లో అచ్చయింది, ప్రతులు దేశదేశాల శాస్త్రజ్ఞులకు పోస్టులో వెళ్లాయి. సొంత దేశంలో అచ్చువేసి, అది చదవవలసినవాళ్ల బల్ల మీదకు చేర్చడం రామన్‌కు తెలిసిన విద్య. భగవంతం ఆ విద్యను దగ్గర నుంచి చూశాడు. తర్వాత వాల్తేరులో వెంకటరాయుడుతో కలిసి స్ఫటికాల మీద 1939లో రాసిన వ్యాసం, ఇద్దరూ కలిసి రాసిన గ్రూప్ సిద్ధాంతం పుస్తకం ఈ దేశంలో ఒక తరం భౌతిక శాస్త్రజ్ఞులకు చేతిపుస్తకాలయ్యాయి.

పద్ధతి రాసే భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పేపర్లో అందరూ తొందరగా దాటేసే చోటు అది. 1880ల మొదట్లో ఇటలీలో లూయిజి పల్మియేరి వెసూవియస్ లావా పదార్థంలో డి3 గీత చూశానని ప్రకటించాడు. అది నిజమైతే భూమ్మీద హీలియం దొరికినట్టే. కానీ ఎలా వేడి చేశాడో, ఎలా చూశాడో తగినంత వివరం ఇవ్వలేదు. ఇంకొకరు మళ్లీ చేసి రుజువు చేయలేకపోయారు. ఆ గౌరవం 1895 మార్చి 26న విలియం రామ్సేకు దక్కింది. క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి వచ్చిన వాయువును పరీక్షించి, తన కంటి మీదే ఆధారపడకుండా రసాయన శాస్త్రజ్ఞుడు క్రూక్స్‌కు, లాకియర్‌కు నమూనా పంపాడు. వాళ్లు చూసి అవునన్నారు. నమూనా పంపి తనను పరీక్షించమని అడగగలిగినవాడు సగం గెలిచినట్టే.

పల్మియేరికి ఎదురుగా మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును నిలబెట్టండి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వేసిన వ్యాసం శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి గురించి. మాలిబ్డేట్ కలిపి, తగిన మందుతో క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. ఆ నీలం చిక్కదనం చూసి ఫాస్ఫరస్ ఎంతో చెప్పవచ్చు. ఇంతవరకు ముందువాళ్లూ చేశారు. వీళ్లు చేసింది ఆ పద్ధతి ఎక్కడ తప్పుతుందో వెతకడం. ద్రవంలో ఉండే వేరే పదార్థాలు రంగును ఎలా పాడుచేస్తాయి, రంగు ఎంత త్వరగా నిలకడకు వస్తుంది అన్నవి ఒక్కొక్కటి తేల్చి రాశారు. ఫలితంగా ఆ వ్యాసం చదివి ఎవరైనా సొంత ల్యాబ్‌లో చేసుకోగలిగారు. శాస్త్ర చరిత్రలో అతి ఎక్కువగా ఉదహరించిన వ్యాసాల్లో అదొకటి. ఆ కొలత పద్ధతి చేతిలో ఉన్నందువల్లే 1927లో వాళ్లు కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించి సైన్స్ పత్రికకు పంపగలిగారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు అదే పదార్థాన్ని చూశారు. దానిలో క్రియాటిన్ ఉందని తేల్చింది మాత్రం ఫిస్క్, సుబ్బారావులే.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. బందరులో 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు పేరున ఉన్న కళాశాల ఉంది. ఈ చుట్టుపక్కల ఇంజనీరింగ్, డిగ్రీ, పీజీ కళాశాలల్లో పేపర్ రాసే పిల్లలు ఎందరో. వాళ్లతో మాట్లాడితే ఎక్కువగా వినిపించే మాట "సార్, పేపర్ ఎక్కడ వేయాలి?" అని. ఆ ప్రశ్న చివరిది కావాలి గాని మొదటిది కాకూడదు. మంచి వ్యాసం బొమ్మలతో, పట్టికలతో మొదలవుతుంది. చెప్పదలచుకున్నది నాలుగు బొమ్మల్లో నిలబడిందా లేదా చూసుకున్నాక పద్ధతి రాయాలి, తర్వాత ఫలితాలు, తర్వాత చర్చ. పరిచయం ఆ తర్వాత. అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికీ ఆఖరున. శీర్షిక దానికీ ఆఖరున.

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ప్రతి రంగుకూ వేరే అచ్చు ఉంటుంది. రెండో అచ్చు మొదటి అచ్చు గీత మీద సరిగ్గా కూర్చోకపోతే పువ్వు చెదిరిపోతుంది. వ్యాసంలో అబ్‌స్ట్రాక్ట్, ఫలితం, ముగింపు అలా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. అబ్‌స్ట్రాక్ట్‌లో 40 నమూనాలు అని, పట్టికలో 38 అని ఉంటే రివ్యూయర్‌కు అక్కడే నమ్మకం పోతుంది. మిగతా ఇరవై పేజీలు ఎంత బాగున్నా ఆ పోయిన నమ్మకం తిరిగి రాదు.

ఇక పంపడం. ముందు జర్నల్ ఏ విషయాలు తీసుకుంటుందో దాని సొంత ప్రకటనలో చదవాలి. అందులో ఈ మధ్య వచ్చిన పది వ్యాసాలు తిరగేయాలి. రచయితలకు ఇచ్చిన సూచనల ప్రకారం రెఫరెన్సుల రూపం, బొమ్మల నాణ్యత సరిచూడాలి. రచయితల పేర్ల క్రమం, ఎవరు ఏం చేశారన్నది పంపే ముందే అందరూ కూర్చుని ఒప్పుకోవాలి. కవర్ లెటర్‌లో గొప్పలు వద్దు. ఏం చూశాం, ఎందుకు ఈ జర్నల్ పాఠకులకు పనికొస్తుంది, ఇంకెక్కడా పంపలేదు, అంతే. లాకియర్ ఉత్తరాన్ని ఇంతకు ముందు చూశాం కదా, కవర్ లెటర్‌కు అంతకన్నా మంచి నమూనా నాకు దొరకలేదు.

రివ్యూయర్ల ప్రశ్నలు వచ్చాక ఇచ్చే జవాబు పత్రం ఒక ప్రత్యేకమైన సాహిత్య రూపమని నా నమ్మకం. ప్రతి ప్రశ్నను ఉన్నదున్నట్టు రాసి, కిందే జవాబు, ఏ పేజీలో ఏ పంక్తి మార్చామో చెప్పాలి. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోవడం లేదో గౌరవంగా, ఆధారంతో చెప్పాలి. మేజర్ రివిజన్ వచ్చిందంటే దిగులు పడే పిల్లలను చూస్తాను. మీ పేపర్‌ను ఎవరో పూర్తిగా చదివారని దాని అర్థం.

డబ్బు కడితే వారంలో వేసే దొంగ జర్నల్స్ గురించి కూడా చెప్పాలి. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు పేపర్ వేసి తీరాలన్న నిబంధన ఉన్నన్నాళ్లూ అవి బాగా పెరిగాయి. 2022 నవంబరులో యూజీసీ కొత్త నియమాలు ఆ తప్పనిసరిని తీసేశాయి. అయినా ఆ దుకాణాలు మూతపడలేదు. రివ్యూ లేకుండా వేసే చోట వేసిన పేపర్ ఏ పాఠకుడికీ చేరదు. పైగా మంచి కొలతలను అక్కడ ఒకసారి వేశాక మంచి జర్నల్ మళ్లీ తీసుకోదు.

దివిసీమ విషయం చెప్పి ముగిస్తాను. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది. నాలుగేళ్లకు, 1981లో, జాన్స్, దూబే, మొహంతి, సిన్హా అనే నలుగురు శాస్త్రజ్ఞులు ఆ ఉప్పెనను గణిత నమూనాలో తిరిగి సృష్టించి రాయల్ మెటియొరలాజికల్ సొసైటీ త్రైమాసిక జర్నల్లో వేశారు. గాలి వేగం, పీడనం, తీరపు లోతు ఇస్తే సముద్రం ఎంత ఎత్తున లేస్తుందో లెక్క కట్టే పని అది. అలాంటి లెక్కను సరిచూసుకోవడానికి నేల మీద కొలతలు కావాలి: ఏ ఊళ్లో నీళ్లు గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చాయి, ఎంతసేపు నిలిచాయి. ఆ కొలతలు ఎప్పుడూ అక్కడ నివసించేవాళ్ల దగ్గరే ఉంటాయి.

బందరు, గుడివాడ, అవనిగడ్డ, నాగాయలంక కళాశాలల్లో పాఠం చెప్పే మిత్రులకు నా విన్నపం ఇదే. మీ బీరువాల్లో బోరు నీళ్ల ఉప్పదనం లెక్కలున్నాయి, రొయ్యల చెరువుల నీటి పరీక్షలున్నాయి, మడ అడవుల సర్వేలున్నాయి, పిల్లలు ప్రాజెక్టు కోసం తీసిన కొలతలున్నాయి. వాటిలో చాలావరకు ఇంటర్నల్ మార్కులతో ఆగిపోయాయి. కొలత తీసిన తేదీ, చోటు, పరికరం, లోపం ఎంత అన్నది సరిచూసి, ఈ సెలవుల్లో ఒక్కటైనా వ్యాసంగా రాయండి. కొలత తీసిన విద్యార్థి పేరు రచయితల్లో పెట్టండి. సరైన జర్నల్ చూసి పంపండి.